రోగికి మందులు, ఇంటిల్లిపాదికీ బియ్యం: ఝార్ఖండ్ 'రేషన్స్' అధ్యయనం టీబీ యూనిట్‌కు ఎలా పనికొస్తుంది

ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో, 28 టీబీ యూనిట్ల (ఒక ప్రాంతంలో టీబీ పని చూసే స్థానిక కార్యాలయాలు) పరిధిలో 2019 ఆగస్టు నుంచి 2021 జనవరి వరకు ఊపిరితిత్తుల టీబీ తేలిన 2,800 మందిని, వాళ్ల ఇళ్లలో ఉంటున్న 10,345 మందిని ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. పేరు 'రేషన్స్'. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిధులతో, మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల నాయకత్వంలో, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం తోడుగా జరిగింది. అడిగిన ప్రశ్న ఒక్కటే. రోగి ఇంట్లో ఉన్న తక్కినవాళ్లకు సరిపడా తిండి అందితే, వాళ్లలో టీబీ కొత్తగా రావడం తగ్గుతుందా?

2023 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. తగ్గింది. ఎంత, ఎలా, ఆ లెక్కను మామూలు టీబీ యూనిట్‌లో అమలు చేయబోతే ఎక్కడ చెడుతుంది అన్నదే ఈ కేస్ స్టడీ.

తిండి సంగతి ఎందుకు పక్కకు పోయింది

టీబీ కార్యక్రమాల్లో తిండి వెనకబెంచీకి పోవడానికి ఒక మంచి పరిశోధనే కారణం. 1956లో మద్రాసులో మొదలైన పోలికలో కొందరిని శానటోరియంలో (టీబీ రోగుల ఆసుపత్రి) ఉంచి మంచి భోజనం, విశ్రాంతి ఇచ్చారు. ఇంకొందరికి ఇంటిదగ్గరే మందులిచ్చారు. ఇంటి రోగులది నాసిరకం తిండి, ఇరుకు గదులు, అయినా పనికి పోయారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వైపులా నయమైనవాళ్లు దాదాపు సమానం. శానటోరియం పడక దొరక్క చనిపోతున్న పేద దేశాల రోగులకు అది వరమే. ఇంటిదగ్గర చికిత్స ప్రపంచమంతా పాకింది.

దాంతోపాటు ఒక తప్పుడు అర్థం కూడా పాకింది: "మందులుంటే చాలు, తిండితో పనిలేదు." మద్రాసు పోలిక చెప్పింది అది కాదు. మందులు సరిగ్గా పడితే, తిండి అంతంతమాత్రంగా ఉన్నా కళ్లెలో క్రిమి పోతుందని చెప్పింది. చికిత్స మొదటి వారాల్లో చావును తిండి ఎంత ఆపుతుందో, ఇంట్లోవాళ్లకు జబ్బు రాకుండా ఎంత అడ్డుకుంటుందో తేల్చడానికి చేసిన పరీక్ష కాదది.

ఆ రెండో ప్రశ్నకు పాత జవాబు ఇంకోచోట ఉంది. ఇంగ్లండ్‌లోని పాప్‌వర్త్ గ్రామంలో 1918 నుంచి టీబీ రోగులను కుటుంబాలతో సహా ఉంచి ఇల్లు, పని, కూలి, కడుపునిండా తిండి ఇచ్చారు. మందులు లేని రోజులవి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు క్రిమి సోకింది, కానీ అది జబ్బుగా ముదరడం చాలా అరుదు. సోకడం వేరు, జబ్బు పడటం వేరు. ఈ రెంటి మధ్య నిలబడేది ఒంట్లోని రోగనిరోధక శక్తి, అది తిండి మీద ఆధారపడుతుంది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత) ఒక్కో అంకె పెరిగేకొద్దీ టీబీ ముప్పు సుమారు 14 శాతం చొప్పున తగ్గుతుందని వేర్వేరు దేశాల సమాచారం కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణ కూడా చెప్పింది.

ఎవరికి ఏమిచ్చారు

28 యూనిట్లను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా చేశారు. రోగికి మాత్రం రెండు వైపులా తిండి సరుకుల సంచి ఇచ్చారు. చిక్కి శల్యమైన మనిషిని తిండి లేకుండా 'పోలిక కోసం' వదిలేయడం న్యాయం కాదు కాబట్టి ఆ ఏర్పాటు. తేడా ఇంటివాళ్ల దగ్గరే: ఒక వర్గంలో వాళ్లకూ రేషన్ అందింది, రెండో వర్గంలో వాళ్లు ఎప్పటి తిండే తిన్నారు.

రోగి సంచి నెలకు 10 కిలోలు: బియ్యం 5 కిలోలు, వేయించిన శనగల పిండి (అక్కడ సత్తు అంటారు) 3 కిలోలు, పాలపొడి కిలోన్నర, నూనె అర లీటరు. పైన విటమిన్ మాత్రలు. రోజుకు సుమారు 1,200 కిలోకేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మామూలు టీబీకి ఆరు నెలలు, మందులకు లొంగని టీబీకి ఏడాది.

ఇంట్లో ఉన్న ప్రతి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు. పదేళ్ల లోపు పిల్లలకు ఇందులో సగం. ఈ లెక్క ఎవరైనా చేతిమీద వేసుకోవచ్చు. బియ్యం కిలోకు దాదాపు 3,500 కిలోకేలరీలు, పప్పుకు 3,400. ఐదు కిలోలు, కిలోన్నర కలిపితే 22,600. ముప్పైతో భాగిస్తే రోజుకు 750. మాంసకృత్తులు బియ్యంలో వందకు ఏడున్నర గ్రాములు, పప్పులో 22 గ్రాములు అనుకుంటే రోజుకు 23 గ్రాములు. పూర్తి భోజనం కాదిది, ఉన్న తిండికి అదనం. మీ ప్రాంతంలో సంచిలో ఏం పెట్టాలో నిర్ణయించేటప్పుడు సరుకుల పేర్లను కాకుండా కేలరీలు, మాంసకృత్తుల అంకెలను నకలు చేయండి. సత్తు దొరకనిచోట వేరుశనగ, రాగి, గుడ్లు ఏవైనా సరే, రోగి సంచి 1,200కీ 52కీ తగ్గకూడదు. బియ్యం పెంచి పప్పు తగ్గించి కేలరీలు సరిపెట్టడం టెండర్లలో తరచూ జరిగే పొరపాటు. కాగితం మీద 1,200 నిలుస్తుంది, మాంసకృత్తులు సగానికి పడిపోతాయి.

ఫలితం, అంకెల్లో

చేరిన ఇంటివాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు సంథాల్, హో, ముండా, ఉరావ్, భూమిజ్ వంటి ఆదివాసీ సముదాయాలవాళ్లు. మూడో వంతు మంది జబ్బు లేకుండానే పోషకలోపంతో ఉన్నారు. రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా బీఎంఐ 18.5కి దిగువన (అంటే ఉండాల్సిన బరువు కన్నా తక్కువ), దాదాపు సగం మంది 16కి కూడా దిగువన. ఆరోగ్య అసమానత అనే మాటకు తూకపు యంత్రం మీద కనిపించే రూపం ఇదే.

మొదటి పరీక్షల్లోనే ఇంటివాళ్లలో 31 మందికి టీబీ ఉన్నట్టు తేలింది. వాళ్లను పక్కన పెట్టి తక్కినవాళ్లను 2022 జూలై దాకా గమనిస్తే 218 మందికి కొత్తగా జబ్బు వచ్చింది. రేషన్ అందని వర్గంలో 4,712 మందిలో 122, అందిన వర్గంలో 5,602 మందిలో 96. గమనించిన కాలాన్నీ ఇతర తేడాలనూ సరిచూస్తే అన్ని రకాల టీబీ 39 శాతం, పరీక్షలో క్రిమి దొరికిన ఊపిరితిత్తుల టీబీ 48 శాతం తగ్గాయి.

2.6 శాతం నుంచి 1.7 శాతానికి దిగింది. తేడా 0.9. అంటే 111 మందికి, సుమారు 30 ఇళ్లకు, ఆరు నెలలు రేషన్ ఇస్తే ఒక టీబీ కేసు ఆగుతుంది. ఖర్చు ఇంటిమనిషికి నెలకు సుమారు 325 రూపాయలు, రోగికి 1,100. 111ని 325తో, ఆరుతో హెచ్చించండి: 2.16 లక్షల రూపాయలు. ఎక్కువా తక్కువా అని తేల్చేముందు ఇంకో సంగతి చూడాలి. ఆ ఒక్క కేసు ఆగడం వల్ల తర్వాత అంటుకునేవాళ్లూ ఆగుతారు, మిగిలిన 110 మందికీ ఆ తిండి వృథా పోలేదు. టీకాకో మాత్రకో కడుపు నింపే ఈ అదనపు లాభం ఉండదు.

రోగుల సంగతి వేరే వ్యాసంగా వచ్చింది. వాళ్లలో 94 శాతం మందికి చికిత్స ఫలించింది, 108 మంది చనిపోయారు. రెండు నెలలు తిరిగేసరికి బరువు 5 శాతం పెరిగినవాళ్లలో మరణ ముప్పు 61 శాతం తక్కువ, 1 శాతం పెరిగినా 13 శాతం తక్కువ. ఇక్కడ జాగ్రత్త అవసరం. రోగులందరికీ సంచి అందింది కాబట్టి, సంచి వల్లే ప్రాణాలు నిలిచాయని ఈ అంకె రుజువు చేయదు. జబ్బు తేలికగా ఉన్నవాళ్లే త్వరగా బరువు పెరిగి ఉండొచ్చు. శిక్షణ తరగతుల్లో "తిండి పెడితే చావులు 61 శాతం తగ్గుతాయి" అని చెప్పేస్తే అది తప్పు. సరిగ్గా చదివితే ఈ అంకె ఇంకా ఎక్కువ పనికొస్తుంది: రెండు నెలలప్పటి బరువు ఒక హెచ్చరిక దీపం. బరువు పెరగకపోతే కారణం వెతకాలి.

మరో సంగతి. అధ్యయనం మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఉచితంగా ఇచ్చింది. ఆ పథకం రెండు వర్గాలకూ వర్తించేదే కాబట్టి, ఏదైనా ప్రభావం ఉంటే వర్గాల మధ్య తేడాను తగ్గించేదే.

రోగికి ఒక్కడికే ఇస్తే

ఐదుగురున్న ఇంట్లో పదికిలోల సంచి రోగి పేరున ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు చూస్తుండగా పాలపొడి ఒక్కడే కలుపుకు తాగే తండ్రి ఉండడు. తల్లి అసలే ఉండదు. సంచి ఐదు భాగాలవుతుంది, రోగికి రోజుకు 240 కిలోకేలరీలు మిగులుతాయి. దీన్ని 'దుర్వినియోగం' అని రిజిస్టరులో రాసే సూపర్‌వైజర్లు ఉన్నారు. ఇంటివాళ్ల రేషన్ రోగి వాటాకు కంచె. కుటుంబానికి ఇవ్వడమంటే రోగికి ఇచ్చినదాన్ని కాపాడుకోవడం కూడా.

అందుకే మొదటి రోజు రాయాల్సింది రోగి పేరు మాత్రమే కాదు, ఆ పొయ్యి మీద వండింది తినే ప్రతి మనిషి పేరు. ఇక్కడ రెండు జాబితాలు కలగాపులగం అవుతాయి. పరీక్షల కోసం కావాల్సింది గత మూడు నెలల్లో రోగితో ఒకే చూరు కింద పడుకున్నవాళ్లు, పగలు ఎక్కువసేపు మూసిన గదిలో కలిసి గడిపినవాళ్లు. రేషన్ కోసం కావాల్సింది ఒకే కుండలో తినేవాళ్లు. హాస్టల్లో ఉండే కూతురు, వలస పోయిన కొడుకు, పక్కగదిలో వేరుగా వండుకునే మరిది — ఒక జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు తేలతారు. రెండు గడులున్న ఒకే కాగితం వాడితే తగువు ఉండదు.

మొదటి రోజు: తూకం

బరువు చూడటం అందరికీ వచ్చనుకుంటారు. డిజిటల్ యంత్రాన్ని మట్టి నేల మీదో చాప మీదో పెడితే తూకం తప్పుగా రావచ్చు. గట్టి చదునైన నేల, లేదా కింద పలక వేయాలి. రోజూ పొద్దున తెలిసిన బరువొకటి పెట్టి సరిచూడాలి. పదికిలోల సీల్డు రేషన్ సంచి అందుకు చక్కగా పనికొస్తుంది. చెప్పులు, దుప్పటి, జేబులో సామాన్లు తీయించాలి. ఎత్తు ఒకసారి కొలిస్తే చాలు. దాన్ని అంచనాగా రాస్తే మాత్రం ఆరు నెలల బీఎంఐలన్నీ తప్పే.

1.60 మీటర్ల ఎత్తు, 42 కిలోల మనిషిని తీసుకోండి. 1.60ని 1.60తో హెచ్చిస్తే 2.56, 42ని దాంతో భాగిస్తే 16.4.  ఇతను 18.5కి చేరాలంటే 47.4 కిలోలు కావాలి. రెండు నెలల గురి 5 శాతం, అంటే 2.1 కిలోలు. కార్డు మీద "44.1" అని మొదటి రోజే రాసి గుండ్రం చుట్టండి. శాతాల్లో రాస్తే ఎవరూ లెక్కవేయరు.

అదే రోజు చూడాల్సిన ప్రమాద సూచనలను తమిళనాడు 2022 ఏప్రిల్‌లో క్షయ మరణాల తగ్గింపు పథకంలో పెట్టుకుంది. బీఎంఐ 14 లేదా అంతకు తక్కువ. 16 దాకా ఉన్నా రెండు కాళ్లకూ వాపు ఉండటం. నిమిషానికి 24కి మించి శ్వాసలు. ఆక్సిజన్ 94 శాతం లోపు. ఆసరా లేకుండా నిలబడలేకపోవడం. ల్యాబ్ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. వీటిలో ఏది కనిపించినా సంచి చేతికిచ్చి ఇంటికి పంపకూడదు, ఆసుపత్రిలో చేర్చాలి. బాగా ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కుప్పకూలి గుండె ఆగిపోయే ముప్పుంది. అలాంటివాళ్లకు థయామిన్ (విటమిన్ బి1) ముందు ఇచ్చి, కిలో బరువుకు రోజుకు 10 కిలోకేలరీలతో లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచుతారు. ఆకలితో వచ్చినవాణ్ణి కడుపునిండా పెట్టి చంపుకోవడం అంటే ఇదే.

మధుమేహం, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా ఆ రోజే. చక్కెర ఉన్నవాళ్లకు సంచి ఆపనక్కర్లేదు. బియ్యం తగ్గించి పప్పు, సత్తు పెంచాలి, మందు సర్దాలి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే పాలపొడి తల్లిపాలకు బదులు కాదని గట్టిగా చెప్పాలి.

పంపిణీలో చెడేవి

అన్నిటికన్నా ముందు చెడేది కాలం. టీబీ చావుల్లో పెద్ద వాటా చికిత్స మొదలైన రెండు నెలల్లోపే. నిర్ధారణ అయిన వారంలో మొదటి సంచి ఇల్లు చేరాలి, మూడో నెలలో చేరితే ప్రయోజనం చాలావరకు పోతుంది. నగదు సాయానికీ ఇదే జబ్బు. 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైన, టీబీ రోగుల తిండికి నగదు ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన 2024 నవంబరు నుంచి నెలకు 1,000 అయింది. మొదటి 3,000 రోగి నమోదు కాగానే, తక్కిన 3,000 చికిత్సలో 84 రోజులు దాటాక వేసేలా మార్చారు. ముందే ఇవ్వడం సరైన దిద్దుబాటు. అయినా బ్యాంకు ఖాతా లేనివాళ్లు, ఖాతా ఉన్నా వాడక మూలపడ్డవాళ్లు, ఆధార్‌లో పేరు ఒకలా ఖాతాలో ఒకలా ఉన్నవాళ్లు వెనకే ఉంటారు. ఎవరికి తిండి ఎక్కువ కరువో వాళ్లకే కాగితాలూ కరువు. ఖాతా తేలేదాకా సరుకు సంచి వంతెనగా ఉండాలి.

రెండోది మోత. 42 కిలోల మనిషి, మెట్లెక్కితే ఆయాసపడేవాడు, పది కిలోల తన సంచితోపాటు నలుగురి రేషన్ 26 కిలోలు మోసుకుపోగలడా? "వచ్చి తీసుకోలేదు" అని రాసిన పేర్ల పక్కన బీఎంఐ చూడండి. ఇంటికి చేర్చే ఏర్పాటు లేకపోతే బలహీనులే జారిపోతారు. పైగా ఇంటికి వెళ్లినప్పుడే దగ్గు ఉన్నవాళ్లు కంటపడతారు, మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టొచ్చు.

గుట్టు సంగతి కూడా ఉంది. సంచి మీద టీబీ అని అచ్చేస్తే పెళ్లీడు ఆడపిల్ల ఉన్న ఇల్లు దాన్ని తీసుకోదు. సాదా సంచి వాడండి. నూనె సీసా కాకుండా ప్యాకెట్ అయితే వేరే కవర్‌లో ఉండాలి, కారితే బియ్యం మొత్తం పాడు.

బరువు పెరగకపోతే

నెలనెలా తూచి రాసిన బరువును ఎవరూ చదవకపోతే అది గీత మాత్రమే. రెండో నెలాఖరుకు గురి అందకపోతే ఒక వరసలో వెతకాలి. సంచి నిజంగా చేరిందా, ఎంతమంది తిన్నారు? మందులు వేసుకుంటున్నాడా, వాంతులున్నాయా? కళ్లెలో క్రిమి ఇంకా ఉందా, టీబీకి ముఖ్యమైన మందులైన రిఫాంపిసిన్‌కూ ఐసోనియాజిడ్‌కూ లొంగుతోందా? చక్కెర అదుపులో ఉందా? తాగుడు ఉందా? ఐసోనియాజిడ్‌కు లొంగకపోవడం మొదటి పరీక్షలో చాలాసార్లు దొరకదు. పెరగని బరువు ఒక్కోసారి దాన్ని పట్టిస్తుంది.

బరువు బాగా పెరిగినా ఒక చిక్కుంది, ఎక్కువ యూనిట్లు దీన్ని మరిచిపోతాయి. టీబీ మందుల మోతాదు బరువును బట్టి: 25–34 కిలోలకు రోజుకు రెండు మాత్రలు, 35–49కి మూడు, 50–64కి నాలుగు. 33 కిలోలతో చేరిన మహిళ మూడో నెలకు 38కి వస్తే ఆమె రెండు కాదు, మూడు మాత్రలు వేసుకోవాలి. బరువు 5 కిలోలు మారి మెట్టు దాటితే మోతాదు మార్చాలన్నదే నియమం. తిండి కార్యక్రమం బాగా నడిచేచోటే ఈ తప్పు ఎక్కువ.

ఇంటివాళ్లకు మాత్రలు ఇస్తే రేషన్ ఎందుకు?

రేషన్స్ అధ్యయనం మొదలైనప్పుడు నివారణ చికిత్స (జబ్బు రాకుండా ముందే మాత్రలు ఇవ్వడం) దేశంలో ముఖ్యంగా ఆరేళ్ల లోపు పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకే. 2021 మార్గదర్శకాలు దాన్ని ఇంట్లో అన్ని వయసులవాళ్లకూ విస్తరించాయి: ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి పన్నెండు మోతాదులు. కాబట్టి 39 శాతం తగ్గుదల, మాత్రలు అందరికీ అందే చోట అలాగే ఉంటుందని చెప్పలేం. కానీ జబ్బు లేని మనిషి చేత పన్నెండు వారాలు మాత్రలు మింగించడం ఎంత కష్టమో కార్యకర్తలకు తెలుసు. నెలనెలా బియ్యంతో గడప తొక్కేవాళ్ల మాట వినడం తేలిక. రెండూ ఒకే చేతిమీదుగా వెళ్లాలి. మొదలుపెట్టే ముందు లక్షణాలు, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే కళ్లె పరీక్షతో జబ్బు లేదని తేల్చుకోవాలి. మొదటి రోజు దొరికిన ఆ 31 మంది లాంటివాళ్లకు ఒక్క మందుతో నివారణ చికిత్స మొదలైతే క్రిమి ఆ మందుకు లొంగకుండా మొండికేస్తుంది.

ఆరో నెల తర్వాత సంచి ఆగుతుంది, ఇంట్లో కరువు ఆగదు. నాలుగో నెలలోనే ఆ కుటుంబానికి ఆహారభద్రత కార్డు ఉందా, ఇంట్లో ప్రతి పేరూ అందులో ఉందా చూసి, లేకపోతే దరఖాస్తు పెట్టించాలి. కొత్తగా పుట్టిన బిడ్డ, కొత్తగా వచ్చిన కోడలు, చిరునామా మారిన వలస కుటుంబం — తప్పిపోయే పేర్లు ఎక్కువగా ఇవే. మొదటి రోజు రాసిన 'ఒకే కుండ' జాబితా అప్పుడు మళ్లీ పనికొస్తుంది. దాన్ని కార్డుతో పక్కపక్కన పెట్టి, లేని పేరు కింద గీత గీయండి.